దండారీ టైమ్‌లో గోండు గూడేనికి వెళ్లాలి, ఎలా వెళ్తే బాగుంటుంది?

గుంటూరు_బాటసారి:
అందరికీ నమస్తే. మేం ఇద్దరం, నేనూ మా అక్కా, ఈ దీపావళికి ఆదిలాబాద్ వైపు వెళ్దామనుకుంటున్నాం. గోండుల దండారీ పండగలో నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడే గుస్సాడీ డాన్స్ ఇప్పటిదాకా స్టేజీ మీదే చూశాం, పది నిమిషాలు ఆడతారు, చప్పట్లు కొడతారు, తర్వాత ఇంకో ఐటెం. అది అసలు ఎక్కడ పుట్టిందో అక్కడ చూడాలని, ఎందుకు చేస్తారో వాళ్ల నోటితోనే వినాలని మా అక్కకి చాన్నాళ్ల కోరిక. ఒకసారి వేరే చోట ఒక టూర్ వాళ్లతో వెళ్తే అక్కడి వాళ్లని మా కోసం మధ్యాహ్నం ఎండలో పిలిపించి ఆడించారు, ఆ ముసలాయన చెమట తుడుచుకుంటూ మా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. మళ్లీ అలా కాకూడదు. అక్కడ మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నేరుగా వెళ్లిపోవచ్చా? ఫోటోలు తీయొచ్చా? చేతిలో ఏమన్నా పట్టుకెళ్లాలా?

ఉట్నూర్_సార్:
ముందు అడిగి వెళ్దామన్న ఆలోచన వచ్చింది చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. నేను ఈ ఏరియాలో పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పాను కాబట్టి చూసింది చెప్తా. గూడెంలోకి అడుగుపెట్టగానే మొదట పటేల్ ఇంటికి వెళ్లండి, ఊరి పెద్ద ఆయనే, ఆయన సరే అన్నాక ఇంక మీరు ఊరంతటికీ చుట్టాలే, మంచం వాల్చి కూర్చోబెడతారు. దండారీ అనేది ఒక్కరోజు ప్రోగ్రాం కాదు. ఆశ్వయుజ పౌర్ణమి దాటాక నెమలి ఈకల టోపీలు, వాయిద్యాలు అన్నీ బయటికి తీసి ఏత్మాసూర్ దేవత పేరు మీద పూజ చేస్తారు, దీపావళి అమావాస్య దాటి కోలబొడి అనే ముగింపు పూజ అయ్యేదాకా నడుస్తుంది. ఈ మధ్యలో ఒక గూడెం దండారీ బృందం ఇంకో గూడేనికి అతిథిగా పోతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే, ఊరి పొలిమేరలో డప్పులు వినపడగానే ఇక్కడి వాళ్లు తమ వాయిద్యాలతో ఎదురెళ్లి తీసుకొస్తారు, రాత్రంతా ఆట, అందరికీ భోజనాలు, పెద్దవాళ్లు ఒక పక్కన కూర్చుని పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటారు. కాబట్టి ఒక గంట చూసి వెళ్లిపోదాం అనుకుంటే మీకు ఏమీ అర్థం కాదు, కనీసం ఒక రాత్రి ఉండండి.

వీలైతే జైనూర్ దగ్గర మార్లవాయి వెళ్లండి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాక గోండుల కష్టాలు ఏంటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తని పంపింది, ఆయనా భార్య ఎలిజబెత్తూ ఈ ఊళ్లోనే గుడిసె వేసుకుని ఉన్నారు. ఆమె 1987లో, ఆయన 1995లో పోయారు, ఇద్దరి సమాధులూ ఇక్కడే ఉన్నాయి, ఇప్పటికీ ఏటా జనవరి 11న ఊరంతా వచ్చి దండం పెడతారు. గుస్సాడీకి పద్మశ్రీ తెచ్చిన కనకరాజు గారిదీ ఇదే ఊరు, 2024లో పోయారు.

జైనూర్_తమ్ముడు:
సార్ మంచిగ చెప్పిండు. నేను గోండునే, మా ఊర్ల చిన్నప్పటి సంది దండారీ ఆడుతున్న, రెండు మాటలు నేను కూడా చెప్త. గుస్సాడీ టోపీ పెట్టినంక ఆయన మా కాకనో బావనో కాదన్నా, దేవుడే. ఒంటికి బూడిద, భుజానికి తోలు, నడుముకు గజ్జెలు, చేతిల గంగారాం సోట అనే కర్ర, అది ఒంటికి తాకిస్తే రోగం పోతదని మా నమ్మకం, పిల్లలను ఎత్తుకొని వస్తరు. దండారీ అయిపోయేదాక స్నానం చెయ్యరు. పోయినేడు ఎవరో వచ్చి సెల్ఫీ కోసం మా కాక భుజం మీద చెయ్యేసి లాగిండు, ఈకలు రెండు విరిగినయ్, మా అవ్వ ఆ రాత్రి అన్నం తినలే. ఆ టోపీ తాతల నాటిది, ఒక్కొక్క ఈక ఏరుకొచ్చి కట్టింది. ఫోటో కావాలంటే పటేల్‌ను అడగండి, దూరంకెళ్లి తియ్యండి, పూజ కాడ మాత్రం ఫోన్ జేబుల పెట్టుకోండి. ఏమన్నా ఇయ్యాలనుకుంటే పటేల్ చేతికే ఇయ్యండి, ఊరందరికీ పోతది.

ఇంకోటి, మా చరిత్ర పుస్తకంల ఉండదు, మా కథలు పాడే ప్రధాన్ల నోట్ల ఉంటది. వాళ్లు కిక్రి అనే తీగల వాయిద్యం వాయించుకుంట మా వంశాల కథ పాడుతరు. నాలుగు దేవతల వాళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లు అని మాలో సగలు, అంటే వంశాల గుంపులు ఉంటయ్, ఒకే సగ వాళ్లు అన్నదమ్ముల లెక్క, పెళ్లి చేసుకోరు. మీ అక్కకు నిజంగ తెలుసుకోవాలంటే ఒక ప్రధాన్ తాత పక్కన కూసోమను, గోండిల పాడుతడు, అర్థం కాకపోతే ఎవరన్నా పిల్లగాడు తెలుగుల చెప్తడు, ఆగి ఆగి అడగాలె, మధ్యల ఆపొద్దు.

గుంటూరు_బాటసారి:
చాలా థ్యాంక్స్ సార్, తమ్ముడూ. ఆ ఈకల సంగతి చదివి మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండు రాత్రులు ఉండేలా లీవ్ పెడుతున్నాం. వెళ్లగానే ఏమని పలకరించాలి?

జైనూర్_తమ్ముడు:
రెండు చేతులు జోడించి రాం రాం అనండి చాలు, మేం అట్లనే అంటం. పౌర్ణమి అయినంక ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు అన్నా, మా దండారీ ఏ రోజు ఏ ఊరు పోతదో అప్పటికి తేలుతది, పటేల్‌తోని నేను మాట్లాడి పెడత. చలి బాగుంటది, దుప్పట్లు తెచ్చుకోండి.