అప్‌డేట్: బిజినెస్ ఎకనామిక్స్‌లోనే చేరాను

ఎంపీసీ చదివి, ఇంజినీరింగ్ వద్దనుకుని, ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ బిజినెస్ ఎకనామిక్స్ తీసుకోవచ్చా అని అప్పట్లో అడిగాను కదా. సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ఇంగ్లిష్, మ్యాథ్స్, జనరల్ టెస్ట్ రాసి సీటు తెచ్చుకున్నాను.

"ఎకనామిక్స్ అంటే బట్టీయే" అన్నవాళ్లకు ఒక మాట: ఇక్కడ మొదటి ఏడాదిలోనే కాల్క్యులస్ డెరివేటివ్‌లు వచ్చిపడ్డాయి. సగటు వ్యయం కనిష్ఠంగా ఉన్న చోటే ఉపాంత వ్యయ (ఇంకో యూనిట్ తయారీకి అదనంగా అయ్యే ఖర్చు) రేఖ దాన్ని ఎందుకు ఖండిస్తుందో మా మేడమ్ బోర్డు మీద డిఫరెన్షియేట్ చేసి రెండు లైన్లలో తేల్చేశారు. ఇంటర్‌లో రుబ్బిన లెక్కలు ఊరికే పోలేదు. అకౌంట్స్ మాత్రం కొత్త. డెబిట్, క్రెడిట్ దగ్గర కామర్స్ వాళ్లను పట్టుకుని వేలాడుతున్నాను. నాన్నగారు ఇంకా "బీఏనా?" అంటూనే ఉన్నారు.

ఇంటర్న్‌షిప్‌కు ఎక్సెల్ సరిపోతుందా, పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోవాలా? సీనియర్లెవరైనా చెప్పండి.