పది నెలల పాపతో ఒక్కదాన్నే డల్లాస్ వెళ్లాలి, ఎట్లా?

హన్మకొండ అమ్మ:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ, నక్కలగుట్ట. పాపకు పది నెలలు. మా ఆయన డల్లాస్‌లో ఉంటారు. మాకు వీసాలు వచ్చాయి, వచ్చే నెల ప్రయాణం. అమ్మ తోడు వస్తానంది కానీ ఆమెకు ఇంటర్వ్యూ తేదీ దొరకలేదు. శంషాబాద్‌లో ఎక్కి దోహాలో మారాలి. అక్కడి నుంచి దాదాపు 16 గంటలు. నేను ఇంతవరకు విమానమే ఎక్కలేదు. పాప ఏడుస్తుందన్న దిగులు ఎట్లాగూ ఉంది. నాకు బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తే పాపను ఎవరికి ఇవ్వాలన్నది ఇంకా పెద్ద టెన్షన్. ఉగ్గు పొడి తీసుకెళ్లనిస్తారా? మా పెద్దమ్మ జలుబు సిరప్ ఒక చెంచా పోస్తే హాయిగా పడుకుంటుంది అంటోంది. పోయొచ్చా?

కాజీపేట ఆడబిడ్డ:
చెల్లె, ముందు ఆ సిరప్ సంగతి. వద్దే వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని అమెరికాలో మందులను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. ఊపిరికి ప్రమాదం. పైగా కొందరు పిల్లలు నిద్రపోకపోగా ఇంకా చిరాకు పడతారు. పెద్దమ్మ ప్రేమతోనే చెప్పింది, కానీ ఆ మాట మాత్రం వినకు. మీ పిల్లల డాక్టర్ దగ్గర జ్వరం చుక్కలు రాయించుకో, పాప బరువుకు ఎంత వేయాలో చీటీ మీద స్పష్టంగా ఉండాలి.

ఇక బాత్రూమ్. మా బాబుతో ఒక్కదాన్నే వచ్చినప్పుడు నాకూ ఇదే దిగులు. ఇవాళే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి బాసినెట్ సీటు అడుగు. ముందు గోడ ఉండే వరుసలో చిన్న తొట్టి బిగిస్తారు. సాధారణంగా పది, పదకొండు కిలోల వరకే ఒప్పుకుంటారు కాబట్టి పాప బరువు, పొడవు చూసుకుని మాట్లాడు. పాప అందులో పడుకున్నప్పుడు పక్కామెకు చెప్పి వెళ్లి రావచ్చు. కానీ కుదుపులు వచ్చి సీటు బెల్ట్ లైటు వెలిగితే, నిద్రపోతున్నా సరే పాపను ఒళ్లోకి తీసుకోమంటారు. ఇది ముందే తెలిస్తే కోపం రాదు.

బేబీ క్యారియర్ తప్పకుండా కొనుక్కో. పాపను ముందు కట్టుకుని బాత్రూమ్‌కు వెళ్లొచ్చు, కాకపోతే ఎలాస్టిక్ నడుము ఉన్న ప్యాంటు వేసుకోవాలి. చీర, చుడీదార్ నాడాలతో చాలా కష్టం. విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం క్యారియర్ విప్పించి, నీ బెల్ట్‌కు తగిలించే చిన్న బెల్ట్ పాపకు ఇస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, అడగడం. హైదరాబాద్ నుంచి దోహా వెళ్లే విమానంలో మనవాళ్లు నిండుగా ఉంటారు. కూతురి కాన్పుకని వెళ్లే అమ్మలు ఉంటారు, పసిపిల్లను చూస్తే వాళ్ల చేతులు ఊరుకోవు. సీట్లో కూర్చోగానే పలకరించు. అవసరం వచ్చినప్పుడు ‘అమ్మా, రెండు నిమిషాలు చూస్తారా’ అనడం తేలికవుతుంది. మొహమాటపడి 16 గంటలు నీళ్లు కూడా తాగకుండా కూర్చునే తల్లులను చూశాను. పాలిచ్చే తల్లివి, అట్లా చేయకు.

జగిత్యాల అన్న:
కాగితాల గురించి నేను చెప్తానమ్మా. పాప బర్త్ సర్టిఫికెట్ హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకో. పాప తల్లితో ఒంటరిగా రావడానికి తనకు సమ్మతమేనని మీ ఆయనతో ఒక లెటర్ రాయించి నోటరీ చేయించు. అడగకపోవచ్చు, అడిగితే చేతిలో ఉండాలి. స్ట్రోలర్‌ను విమానం డోర్ దాకా తోసుకెళ్లొచ్చు. దోహాలో తిరిగి ఇస్తారా, నేరుగా డల్లాస్‌కే పంపుతారా అన్నది చెక్-ఇన్‌లోనే అడిగి తెలుసుకో. డల్లాస్‌కే వెళ్తే దోహాలో పాప నీ ఒంటి మీదే ఉంటుంది. ఇంకొకటి, టికెట్‌కు రెండు సూట్‌కేసులు ఇస్తారని రెండూ నింపకు. ఇమిగ్రేషన్ అయ్యాక వాటిని బెల్ట్ మీద నుంచి దించుకోవాల్సింది నువ్వే. పచ్చళ్లు తర్వాత ఎవరితోనైనా పంపుతారు.

కాజీపేట ఆడబిడ్డ:
అన్న చెప్పింది నిజం. ఉగ్గు మరిచాను. తీసుకెళ్లొచ్చు. అమెరికా వెళ్లే విమానాల్లో హ్యాండ్ బ్యాగ్‌లో 350 మిల్లీలీటర్లకు మించి పొడులు ఉంటే విడిగా తనిఖీ చేస్తారు. డబ్బా పాల పొడికి మినహాయింపు ఉంది, ఇంట్లో దంచిన ఉగ్గు చూస్తే మాత్రం ఇదేమిటని అడగొచ్చు. ప్రయాణానికి సరిపడా చిన్న డబ్బాలో పోసి పేరు రాసి పెట్టు, మిగతాది సూట్‌కేసులో వెయ్యి. పాపకు కాచిన నీళ్లు, పాలు సెక్యూరిటీలో బయటికి తీసి చూపించు, పంపిస్తారు. నీ నీళ్ల సీసా మాత్రం ఖాళీగా ఉండాలి.

హన్మకొండ అమ్మ:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేశాను, బాసినెట్ రాసుకున్నారు. చెవులు నొప్పి పెడతాయంటారు, దానికి ఏం చేయాలి? ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాలి? విమానం తెల్లవారుజామున నాలుగింటికి.

కాజీపేట ఆడబిడ్డ:
విమానం లేచేటప్పుడు, కిందికి దిగడం మొదలుపెట్టినప్పుడు పాలు పట్టు. మింగుతుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. దిగడం దాదాపు అరగంట ముందే మొదలవుతుంది, చక్రాలు నేలకు తాకేదాకా ఆగొద్దు. రాత్రి తొమ్మిదికల్లా బయలుదేరండి. జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ దాకా ఊళ్లో ట్రాఫిక్ తగలదు. కారులో పాపకు కడుపు నిండా పెట్టి పడుకోబెట్టు. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి సామాను ట్రాలీ మీదికి ఎక్కించడం అమ్మానాన్నలతో బయటే చేయించుకో.