ఓన్, ఓ, ఆట్: మూడూ ఒకే ఇంటివేనా?

ప్రశ్న:
సొంతదారుగా ఉండటాన్ని చెప్పే ఇంగ్లిషు క్రియ "ఓన్", బాకీ ఉండటాన్ని చెప్పే "ఓ" ఒకే మూలానివంటారు. నిజమేనా? ఆస్తి ఉన్నవాడికీ అప్పు ఉన్నవాడికీ పొత్తేమిటి? దస్తావేజుల్లో "ఓన్", "పొసెస్" రెండూ ఎందుకు రాస్తారు?

పదశోధి:
నిజమే. పాత ఇంగ్లిషులో "ఆగన్" అంటే కలిగి ఉండటం. "సొంత" అనే అర్థంలో "ఆగెన్", దాని మీద కట్టిన క్రియ "ఆగ్నియన్". ఈ చివరిదే నేటి ఓన్. ఆగన్ మాత్రం అరిగి అరిగి "ఓ" అయింది. "చెల్లించవలసింది ఉంది" అనే తరహా వాడుకలోంచి దానికి బాకీ అర్థం వచ్చింది. "చేయాలి" అనే అర్థంలో వాడే "ఆట్" మొదట ఈ "ఓ"కి భూతకాల రూపం. కట్టాల్సిన బాకీ కాస్తా చేయాల్సిన పనికి పాకింది. షేక్‌స్పియర్ నాటికి కూడా "ఓ"ని సొంతం అనే అర్థంలో వాడేవారు. ఓన్ మాత్రం 1300 తర్వాత దాదాపు మాయమై, "ఓనర్" అనే మాట దన్నుతో 17వ శతాబ్దంలో మళ్లీ లేచింది. జర్మన్ "ఐగెన్" దీని చుట్టమే. మనకు తెలిసిన చుట్టం ఇంకొకటుంది: సంస్కృత ధాతువు "ఈశ్". ఏలడం, స్వామ్యం కలిగి ఉండటం దాని అర్థం. ఈశ్వరుడు అందులోంచే వచ్చాడు.

దస్తావేజు:
పొసెస్ లాటిన్‌ది, అందులో "కూర్చోవడం" ఉంది. స్థలంలో కూర్చున్నవాడిది స్వాధీనం, హక్కున్నవాడిది యాజమాన్యం. అద్దెకున్నవాడు పొసెస్ చేస్తాడు, ఓన్ చేయడు. అందుకే అమ్మకపు దస్తావేజులో హక్కు బదిలీ, స్వాధీనం అప్పగింత వేర్వేరుగా రాస్తారు. రెండోది లేకపోతే ఇంట్లో ఉన్నవాడిని ఖాళీ చేయించడం కొన్నవాడి నెత్తిన పడుతుంది. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తాళం చెవి చేతికొచ్చినంత మాత్రాన ఓనర్ కారు.

ప్రశ్న అడిగినవారు:
"ఐ యామ్ ఓనింగ్ ఎ ఫ్లాట్" అనొచ్చా?

పదశోధి:
కూడదు. అది స్థితి, జరుగుతున్న పని కాదు: "ఐ ఓన్ ఎ ఫ్లాట్". మనవాళ్లు ఎక్కువగా జారేది ఇంకోచోట, "ఐ హ్యావ్ ఓన్ హౌస్" దగ్గర. విశేషణంగా వాడినప్పుడు ముందు "మై", "హిజ్" లాంటిది ఉండాలి. "మై ఓన్ హౌస్" అనండి, లేదా "ఎ హౌస్ ఆఫ్ మై ఓన్".