కొడుకు పక్కనే కూర్చుంటే పెద్దవాళ్లను ఎలా అడగాలి?

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టు కోసం గుంటూరు జిల్లా పల్లెల్లో అరవై దాటినవాళ్లతో మాట్లాడుతున్నాను. ఇంట్లోవాళ్లు ఎలా చూసుకుంటున్నారన్నదే అసలు ప్రశ్న. కొడుకో కోడలో మంచం పక్కనే ఉంటారు. దాంతో పెద్దవాళ్లు "బాగానే చూస్తున్నారమ్మా" అనేసి ఊరుకుంటారు. మొన్న ఒక మామ్మ మాత్రం వీధి చివరిదాకా నాతో నడిచొచ్చి, పింఛను డబ్బు తన చేతికే రాదని చెప్పింది. రాసుకోవడానికి నాకు చెయ్యాడలేదు.

వేధింపు అంటే కొట్టడమే అనుకుంటున్నారు. వేళకి అన్నం పెట్టకపోవడం, పలకరించకపోవడం గురించి ఏ మాటలతో అడగాలి? విడిగా మాట్లాడే వీలు ఎలా కల్పించుకోవాలి? వృద్ధుల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్ గురించి, 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవోకి పెట్టుకునే అర్జీ గురించి చెబితే, పరువు పోతుందంటున్నారు. ఇలాంటి సర్వేలు చేసినవాళ్లు చెప్పండి. అన్నిటికంటే టెన్షన్ ఏంటంటే, నేను వచ్చేశాక ఆ మామ్మను ఇంట్లో నిలదీస్తే?