ఒక్క రోజే ఉంటే ఖుఫూ పిరమిడ్ లోపలికి వెళ్లడం దండగా?

దోహా_దొర:
డిసెంబర్‌లో కైరో వెళ్తున్నాం. కాలేజీ స్నేహితులం ఆరుగురం, సగం మంది దోహా నుంచి, సగం మంది హైదరాబాద్ నుంచి. పిరమిడ్లకి ఒక్క రోజే ఉంది, ఆ రాత్రే లక్సర్ రైలు. వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒకటే గొడవ. గిజాలో పెద్ద పిరమిడ్, అంటే ఖుఫూ రాజు కట్టించినదాని లోపలికి వెళ్లాల్సిందేనని ఒక వర్గం. దానికి వేరే టికెట్ కొనాలి, ఆవరణలోకి వెళ్లే టికెట్ కన్నా అదే ఎక్కువ. లోపల ఖాళీ గది తప్ప ఏమీ లేదు, ఆ సమయంలో గిజాకి దక్షిణాన ఇంకా పాత పిరమిడ్లున్న సక్కారా, దహ్‌షూర్ చూసి రావచ్చని రెండో వర్గం. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. "రెండూ చూడండి" అని మాత్రం అనొద్దు ప్లీజ్, అది మాకూ తెలుసు.

రాళ్లపిచ్చి:
నా ఓటు లోపలికి వద్దనే. గది ఖాళీ అని కాదు. ఆ పిరమిడ్ గొప్పతనమంతా బయట ఉంది. ఒక్కో పక్క 230 మీటర్లు, కట్టిన రోజుల్లో ఎత్తు 146 మీటర్లు దాటేది, ఇప్పుడు 138. దాదాపు 23 లక్షల రాళ్లు. కింది వరుస రాయి పక్కన నిలబడి తల పైకెత్తితే ఆ లెక్క ఒంటికి తెలుస్తుంది. లోపలికి వెళ్లాక తెలియదు. లోపల మీకు కనబడేది ముందు వెళ్తున్నవాడి మడమలు.

ఒక్క రోజే ఉన్నవాళ్లు చూడాల్సింది అసలు వీళ్లు ఇది కట్టడం ఎలా నేర్చుకున్నారన్నది. అది గిజాలో కనబడదు, ఎందుకంటే గిజాకి వచ్చేసరికి నేర్చేసుకున్నారు. సక్కారాలో జోసెర్ రాజు మెట్ల పిరమిడ్ ఉంది, క్రీస్తుపూర్వం 2670 ప్రాంతానిది. ఆ రాజు మంత్రి ఇమ్హోటెప్ కట్టించాడంటారు. అంత పెద్ద కట్టడాన్ని రాతితో లేపడం అదే మొదలు. అక్కణ్నుంచి ఇంకాస్త దక్షిణానికి వెళ్తే దహ్‌షూర్. ఖుఫూ తండ్రి స్నెఫెరు అక్కడ ఒక పిరమిడ్ మొదలుపెట్టి 54 డిగ్రీల వాలుతో లేపుతుంటే కట్టడం నిలిచేలా కనబడలేదు. సగంలో వాలు 43కి తగ్గించేశాడు. ఆ వంపు ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత దాని పక్కనే మొదట్నుంచీ 43 డిగ్రీలతోనే ఇంకోటి కట్టాడు, అదే ఎర్ర పిరమిడ్. ఆ తర్వాతే కొడుకు గిజాకి వెళ్లాడు. జోసెర్ నుంచి ఖుఫూ దాకా నూరేళ్ల చిల్లర, అంతే. తప్పు చేసి దిద్దుకున్న చోటు కళ్లముందు ఉంటే, దాన్ని వదిలేసి క్యూలో నిలబడతారా?

కాకినాడ_కాజా:
మడమల సంగతి ఒప్పుకుంటా, కానీ అది కాసేపే. పైకి ఎక్కే దారి 39 మీటర్లు, ఎత్తు నాలుగడుగులు, వంగే నడవాలి. అది దాటగానే గ్రాండ్ గ్యాలరీ అనే పెద్ద నడవ. 47 మీటర్ల పొడవు, ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు. రెండు పక్కల గోడలూ పైకి వెళ్తున్నకొద్దీ వరసవరసకీ కొంచెం కొంచెం లోపలికి జరుగుతూ పైన దగ్గరవుతాయి. ఎర్ర పిరమిడ్ గదుల కప్పులూ ఈ పద్ధతిలోనే ఉన్నాయని రాళ్లపిచ్చి గారు అంటారని తెలుసు. కానీ ఆ పద్ధతిని 26 డిగ్రీల వాలులో, ఎక్కడా జారిపోకుండా నిలబెట్టినవాళ్లు వీళ్లే. తప్పు దిద్దుకున్న కథ చూడాలంటే దాని ఆఖరి పేజీ గ్రాండ్ గ్యాలరీయే కదండీ! దాన్ని చింపేసి కథ చదవమంటారేంటి?

పైన రాజు గది. కప్పుకి తొమ్మిది గ్రానైట్ పలకలు, అస్వాన్ నుంచి నైలు మీద 800 కిలోమీటర్లు తెచ్చినవి. చిన్నవే పాతిక టన్నులుంటాయని లెక్క. ఖాళీ గది అంటున్నారు చూడండి, ఆ కప్పు కింద నిలబడి అనమనండి.

నడుంనొప్పి_బాబాయ్:
పిల్లలూ, ఈ వాదనలో మోకాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఖుఫూ పిరమిడ్‌లో వంగి ఎక్కాలి. ఎర్ర పిరమిడ్‌లో ముందు బయట 28 మీటర్లు మెట్లెక్కి, అక్కణ్నుంచి అరవై మీటర్ల దారి వంగి కిందికి దిగాలి, మళ్లీ అదే దారిన పైకి రావాలి. లోపల అమ్మోనియా ఘాటు కూడా ఉంటుంది. నేను దిగాను. మర్నాడు హోటల్ మెట్లు వెనక్కి తిరిగి దిగాను. తొడలు చెప్పుకోలేని బాధ. కాబట్టి "అది కష్టం, ఇది సులువు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆరుగురిలో ఒకరికి ఇరుకు చోట్లంటే టెన్షన్ ఉన్నా ముందే అడిగి ఉంచుకోండి, మధ్యలో వెనక్కి తిరగడం వెనకున్నవాళ్లందరికీ ఇబ్బంది.

రాళ్లపిచ్చి:
బాబాయ్ గారూ, కష్టం రెండిటా ఒకటే. దహ్‌షూర్‌లో ఎర్ర పిరమిడ్‌కి విడిగా టికెట్ అక్కర్లేదు, ఆవరణ టికెట్‌తోనే దిగొచ్చు. జనం కూడా తక్కువ. గదిలో కాసేపు మీరొక్కరే ఉండే అవకాశం ఉంది. గిజాలో అది కల.
కాజా గారూ, ఆఖరి పేజీ మాట బాగుంది. ముందు పేజీలు చదవనివాళ్లకి ఆఖరి పేజీ ఎందుకన్నదే నా ప్రశ్న.

ఉప్పు_కారం:
ఎవరూ అడగనిది నేను అడుగుతా. మనం వెళ్లడం వల్ల ఆ కట్టడానికి ఏమవుతోంది? లోపలికి వెళ్లిన ఒక్కో మనిషి ఊపిరిలో, చెమటలో దాదాపు 20 గ్రాముల నీరు వదిలి వస్తాడని లెక్క వేశారు. ఆ తేమకి రాతిలోని ఉప్పు పైకి పొంగి గోడల మీద పేరుకుంటుంది. 1990ల్లో గాలి ఆడేలా ఫ్యాన్లు బిగించారు. 1998లో మూసి, ఉప్పు తొలగించి, మరుసటి ఏడాది తెరిచారు. నాలుగున్నర వేల ఏళ్లు నిలబడినదానికి మన సెల్ఫీ కోసం చెమట పట్టించడం అవసరమా? ఏ పిరమిడ్ లోపలికీ వెళ్లకండి, బయటి నుంచి చూడండి. నేను అలాగే చేశాను.

కాకినాడ_కాజా:
అన్నా, ఇది న్యాయమైన మాటే. కానీ ఆ లెక్కన చూస్తే ముందు మానాల్సింది ఖుఫూ కాదు, సక్కారా. ఖుఫూ గోడలు వట్టి రాయి. గీసిందీ రాసిందీ లేదు. కూలీల ముఠాలు ఎర్ర రంగుతో రాసుకున్న పేర్లున్నా, అవి రాజు గది పైనున్న అరల్లో ఉన్నాయి, మనల్ని అక్కడికి వెళ్లనివ్వరు. సక్కారాలో ఉనాస్, తేతి అనే రాజుల పిరమిడ్ల లోపలి గోడల నిండా చెక్కిన మంత్రాలు, కప్పు మీద నక్షత్రాలు, పక్క సమాధుల్లో రంగు ఇంకా నిలిచిన బొమ్మలు. మన ఊపిరికి పాడయ్యేది అవి. అక్కడికి వెళ్లమని చెప్పేవాళ్లు గిజాలో ఊపిరి లెక్కపెట్టకూడదు.

ఉప్పు_కారం:
నేను సక్కారా లోపలికి కూడా వద్దనే అన్నాను తమ్ముడూ. మళ్లీ చదువు.

రాళ్లపిచ్చి:
ఇది నాకు తగిలింది. తేతి పిరమిడ్‌లోకి వెళ్లమనే నేను చెబుతాను, చెబుతూనే ఉంటాను. చదవగలిగింది ఏదైనా ఉందంటే అక్కడే ఉంది. అయితే మాట్లాడకుండా, గోడని తాకకుండా, తొందరగా బయటికి రండి. కాపలాదారు బక్షీష్ కోసం "రండి, ముట్టుకోండి" అంటాడు. ముట్టుకోకండి.

వరంగల్_వాణి:
లోపలి టికెట్ డబ్బులతో ఒంటె ఎక్కుదామని మీ గ్రూపులో ఎవరో ఒకరు అనే ఉంటారు. దయచేసి వద్దు. బక్కచిక్కిన గుర్రాలు, మోకాళ్ల మీద పుండ్లతో ఒంటెలు నా కళ్లారా చూశాను. ఎక్కేటప్పుడు ఒక ధర, దింపేటప్పుడు ఇంకో ధర. 2025 నుంచి ఫయూమ్ రోడ్డు వైపు కొత్త ద్వారం పెట్టారు, లోపల ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. పిరమిడ్లన్నీ వాటితో చుట్టొచ్చు.

నడుంనొప్పి_బాబాయ్:
అమ్మా వాణీ, ఆ బస్సులు వచ్చినప్పుడు ఒంటెలవాళ్లని దూరంగా వేరే చోటికి పొమ్మంటే వాళ్లు గొడవకి దిగారు. తాతల నాటి నుంచి ఇదే బతుకు ఆ కుటుంబాలది. జంతువుని హింసించేవాణ్ని వదిలేయమనను. మంచిగా చూసుకునేవాడి బేరం కూడా మనం చెడగొట్టామా అని నాకు అనుమానం. సరే, ఇది వేరే చర్చ.

చార్మినార్_చాయ్:
ఇంతకీ మమ్మీ ఏ పిరమిడ్‌లో ఉంటుంది? దానికోసమే కదా వెళ్లేది.

వరంగల్_వాణి:
ఏ పిరమిడ్‌లోనూ చూపించరు. రాజుల మమ్మీలు 2021లో కైరోలోనే ఫుస్తాత్ దగ్గరి మ్యూజియానికి చేరాయి. ఒక్క మమ్మీ చాలనుకుంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వెళ్లండి. నిజాం కాలంలో ఈజిప్టు నుంచి తెచ్చింది అక్కడ ఉంది.

చార్మినార్_చాయ్:
అక్కా, ఆ పక్కనుంచే రోజూ ఆఫీసుకి పోతా. ఎన్నడూ లోపలికి పోలే.

దోహా_దొర:
అందరికీ థాంక్స్. గ్రూపులో పెట్టాను. ఇప్పటికి తేలింది ఇదీ: పొద్దున్నే ఎనిమిదింటికి దహ్‌షూర్, తర్వాత సక్కారా, మధ్యాహ్నం రెండింటికి గిజా. పట్టుబట్టిన ఇద్దరూ ఖుఫూ లోపలికి టికెట్ కొనుక్కుంటారు, మిగతావాళ్లం బస్సెక్కి గిజాలోని మిగతా రెండు పెద్ద పిరమిడ్లూ చూస్తాం. ఒంటె లేదు.

కాకినాడ_కాజా:
రెండింటికి గిజానా? సాయంత్రం నాలుగైదింటికల్లా మూసేస్తారు, డిసెంబర్‌లో పొద్దు కూడా త్వరగా వాలుతుంది. క్యూ పొడుగ్గా ఉంటే లోపలికి వెళ్లినవాళ్లకి అక్కడే ఉన్న స్ఫింక్స్ (సింహం ఒంటికి మనిషి తల ఉన్న రాతి విగ్రహం) చూసే టైమ్ మిగలదు. వరస తిప్పండి. పొద్దున్నే గిజా, ద్వారం తెరవగానే ఖుఫూ లోపలికి. తర్వాత సక్కారా. దహ్‌షూర్ వదిలేయండి.

రాళ్లపిచ్చి:
దహ్‌షూర్ వదిలేయమనడం అన్యాయం. వదలాల్సి వస్తే ఖుఫూ లోపలి భాగం వదలండి, మొదట్నుంచీ అదే కదా చెబుతున్నాను.

దోహా_దొర:
ఆ ఇద్దరినీ అడిగాను. స్ఫింక్స్ మానుకోరట, లోపలికి వెళ్లడమూ మానుకోరట. గ్రూపులో మళ్లీ ఓటింగ్ పెట్టాను, ఇప్పటికి మూడు మూడు.