ప్రార్థనకు జవాబు రాలేదంటే విశ్వాసం చాలలేదనేనా?

ప్రశ్న (గుంటూరు నుండి)

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా నాన్నగారికి రెండు మూత్రపిండాలూ పాడై నాలుగేళ్లయింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయిస్తున్నాము. అవయవాల కోసం ఎదురుచూసేవారిని నమోదు చేసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాము. మా బాబాయి తన కిడ్నీ ఇస్తానని ముందుకు వచ్చారు గాని, పరీక్షల్లో ఆయనకే మధుమేహం ఉందని తేలింది. ఈ నాలుగేళ్లలో అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరించని రోజు లేదు. ప్రార్థన మనవులు రాసుకొనే నోటుపుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉంది. నెరవేరిన మనవి పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టి తేదీ వేస్తుంది. పక్కింటి అమ్మాయి ఉద్యోగానికి, మా చెల్లి కాన్పుకు, అన్నిటికీ టిక్కులు పడ్డాయి. ప్రతి పేజీలో మొదటి వరుస నాన్నగారిదే, దాని పక్కన మాత్రం ఖాళీ.

గత నెల ఉపవాస ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దాయన, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందనీ, లేదా మా విశ్వాసం చాలలేదనీ అందరి ముందూ అన్నారు. అప్పటినుండి అమ్మ సంఘంలో నోరు తెరిచి ప్రార్థించడం మానేసింది. నాకు కూడా "ఆమేన్" అనడానికి నోరు రావడం లేదు. దేవుడు వినడం లేదనుకోవడం పాపమా? వింటూ కూడా ఇవ్వడం లేదంటే ఆయనను ఎలా నమ్మాలి?

జవాబు (రాజమహేంద్రవరం నుండి, విశ్రాంత కాపరి)

బాబూ, ఆ పెద్దాయన మాట వాక్యానుసారమైనది కాదని ముందు మీ అమ్మగారికి చెప్పండి. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని మనం విశ్వాసవీరుల పట్టికగా చదువుతాము గాని, చాలామందిమి 35వ వచనం సగంలోనే ఆపేస్తాము. 34వ వచనంలో ఖడ్గధారను తప్పించుకొన్నవారు ఉన్నారు, 37వ వచనంలో ఖడ్గంతో చంపబడినవారు ఉన్నారు, 39వ వచనం వీరందరూ తమ విశ్వాసం ద్వారా సాక్ష్యం పొందినవారేనని చెబుతుంది. చంపబడినవారికి విశ్వాసం తక్కువైందని ఆ పత్రికలో ఎక్కడా లేదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదని ప్రభువే చెప్పారు. గెత్సేమనే తోటలో ఆయన మూడుసార్లు ప్రార్థించినా శ్రమల గిన్నె తొలగిపోలేదు. పాపమే లేనివాని మనవికి అలా జరిగిందంటే, జవాబు రాని ప్రతి ఇంట్లో పాపం వెదకడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

ఇక మీ ప్రశ్న. లాజరు జబ్బుపడ్డాడని కబురు అందాక కూడా యేసు ఉన్నచోటనే రెండు దినాలు ఉండిపోయారు. మార్త, మరియ వేర్వేరుగా వచ్చి ఒకే మాట అన్నారు: నీవు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాడని. అది నిష్ఠూరం కాక మరేమిటి? ఆయన గద్దించలేదు, కన్నీళ్లు విడిచారు. మీ నిష్ఠూరాన్ని కూడా ఆయన ఎదుటనే చెప్పండి. తన శరీరంలోని ముల్లును తొలగించమని వేడుకొన్న పౌలుకు వచ్చినట్టు, "నా కృప నీకు చాలును" అన్న మాట మీకూ వస్తుందని నేను నమ్ముతున్నాను.

జవాబు (ఖమ్మం నుండి, ఒక సోదరి)

అయ్యగారి మాటలన్నిటితో నేను ఏకీభవిస్తాను గాని, చివరి వాక్యం దగ్గర కొంచెం ఆగమని కోరుతున్నాను. మావారు ఆరేళ్లు డయాలసిస్ మీద ఉండి ప్రభువు నందు నిద్రించారు. మణికట్టు పైన డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి ఫిస్టులా వేసిన చోట వేలు ఆనిస్తే సన్నగా జుమ్మని కదులుతుంది, అది ఆగిపోయిందేమోనని రాత్రిపూట ఆయన నిద్రలో ఉండగా చేయి పెట్టి చూసుకొనేదాన్ని. అదే నా ప్రార్థన, అంతకంటే మాటలు ఉండేవి కావు. ఆ రోజుల్లో వచ్చినవారందరూ ఆ కృప వచనమే చెప్పి వెళ్లారు. ఆ మాట సత్యమే, అయితే అది పౌలుతో ప్రభువు చెప్పిన మాట. ఇంకొకరు కుర్చీలో కూర్చుని మనకు చెప్పినప్పుడు తలుపు మూసేసినట్టు ఉంటుంది. లాజరు నాలుగు రోజులకు సమాధిలోనుండి లేచాడు, మావారు లేవలేదు.

తమ్ముడూ, నన్ను నిలబెట్టింది 88వ కీర్తన. అందులో 18 వచనాలు ఉన్నాయి, చాలా విలాప కీర్తనల్లాగా చివరికి స్తుతిలోకి తిరగదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా దాని మొదటి మాట దేవుణ్ణి "నా రక్షణకర్త" అని పిలవడమే. అంత చీకటిని ప్రార్థనగా లెక్కించి గ్రంథంలో ఉంచిన దేవుడు, మీ అమ్మగారి మౌనాన్ని అవిశ్వాసంగా లెక్కించడని నా నమ్మకం. నాకు ఎందుకనే దానికి జవాబు ఈనాటికీ దొరకలేదు. నమ్మడం అంటే ఆ ప్రశ్నతోనే ఆయన దగ్గరకు మళ్లీ వెళ్లడమని మాత్రం తెలిసింది. ఆయన ఇంకెక్కడికీ వెళ్లనివ్వలేదు.

ప్రశ్న అడిగినవారు

అయ్యగారికి, అక్కయ్యగారికి కృతజ్ఞతలు. నిన్న రాత్రి హెబ్రీ పత్రికలోని ఆ వచనాలు అమ్మకు చదివి వినిపించాను, ఏమీ అనలేదు. 88వ కీర్తన చదివినప్పుడు మాత్రం చివరి వచనం దగ్గర ఆపి, మళ్లీ మొదటినుండి చదవమంది. రెండోసారి తాను కూడా గొంతు కలిపింది. నాన్నగారు మంచం మీదినుండి వింటూనే ఉన్నారు. రేపు శనివారం, ఆయనకు డయాలసిస్ ఉంది, ఉదయం ఐదింటికే బయలుదేరాలి. అమ్మ కూడా వస్తానంది, నోటుపుస్తకం సంచిలో పెట్టుకొంది.