పెన్నాలో కెనూ ఒక పక్కకే తిరుగుతోంది, అడుగున పగులు కూడా: సలహా కావాలి

పెన్నాగట్టు (నెల్లూరు):
అందరికీ నమస్కారం. ఎనిమిది మందిమి డబ్బులేసుకుని ఇద్దరేసి కూర్చునే ఫైబర్ కెనూలు రెండు తీసుకున్నాం. ఆదివారం పొద్దున్నే నెల్లూరు బ్యారేజీకి ఎగువన, నిలకడ నీళ్ళలో నేర్చుకుంటున్నాం. వెనకాయన కుడివైపు తెడ్డు వేస్తే పడవ ఎడమకే తిరుగుతుంది. ఒకదానికి అడుగున జానెడు పగులు, నీళ్ళు ఊరుతున్నాయి. పైగా ఈత రానివాళ్ళు కూడా చేరతామంటున్నారు. ఎట్లా తీసుకెళ్ళాలి?

తెడ్డువాటం:
బలం తగ్గించండన్నా, లోపం తెడ్డు ముగింపులో ఉంది. ఇద్దరూ చెరో పక్క వేసినా వెనకాయన తోపుకే పడవ జాస్తిగా తిరుగుతుంది. ఆయన జె స్ట్రోక్ నేర్చుకోవాలి. తెడ్డు తుంటి దగ్గరికి రాగానే పై చేతి బొటనవేలు కిందికి తిప్పి, రెక్కతో నీళ్ళని పడవకి దూరంగా కొద్దిగా నెట్టాలి. చాలామంది బొటనవేలు పైకి తిప్పుతారు. అట్లా చేసినా పడవ నేరుగానే పోతుంది గానీ ప్రతిసారీ బ్రేకు వేసినట్టు వేగం చచ్చిపోతుంది. తెడ్డు వెనక్కి లాగేటప్పుడు పడవ అంచు వెంటే రావాలి, ఒంపు తిరిగి రాకూడదు. అది అలవాటయ్యేదాకా ఆరేడు తెడ్లకోసారి ఇద్దరూ ఒకేసారి పక్క మార్చండి.

బరువు కూడా చూసుకోండి. బరువైన మనిషి వెనక కూర్చోవాలి. ఎదురుగాలి లేస్తే మాత్రం పది లీటర్ల నీళ్ళ క్యాను ముందుకి జరపండి, లేకపోతే ముక్కు గాలికి కొట్టుకుపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యేలోపే ఒడ్డు చేరేలా బయల్దేరండి.

ఫైబర్ పని:
పగులుకి ఎం-సీల్ పెట్టి వదిలేయకండి, ఇసుకలో ఈడిస్తే ఊడొస్తుంది. పడవని రెండ్రోజులు నీడలో బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. లోపల తడి ఉంటే రెసిన్ (ఫైబర్‌ని అతికించే జిగురు ద్రవం) పట్టదు. పగులు చుట్టూ రెండంగుళాల మేర 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడవండి. గ్లాస్ మ్యాట్ (గాజు పీచు గుడ్డ) రెండు పొరలు వేయండి, మొదటిది చిన్నది, రెండోది దానికన్నా పెద్దది. పాలియెస్టర్ రెసిన్ 100 గ్రాములకి హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే మందు) 1 గ్రాము చాలు. మన ఎండలకి 2 గ్రాములు పోస్తే మ్యాట్ తడిపేలోపే డబ్బాలోనే గడ్డకడుతుంది. బుడగలు లేకుండా బ్రష్‌తో పొడవండి. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పవు, హార్డెనర్ కంట్లో పడితే చాలా ప్రమాదం.

గుండ్లకమ్మ (ఒంగోలు):
ఈత రానివాళ్ళ సంగతి. లైఫ్ జాకెట్ మనిషిని తేల్చే బలాన్ని న్యూటన్లలో చెప్తారు. 50 న్యూటన్ల జాకెట్ ఈత వచ్చినవాళ్ళకి. రానివాళ్ళకి మెడకాలరున్న 100 న్యూటన్లది కొనండి. బిగించాక భుజాల పట్టీలు పట్టి పైకి లాగి చూడండి, గడ్డం దాటి వస్తే వదులుగా ఉన్నట్టే. ఒక్కో పడవలో ఒక కొత్తాయన, ఒక పాతాయన, అంతే.

రెండు పడవలూ ఎప్పుడూ కలిసే పోవాలి. బోల్తాపడిన దాని ముక్కుని రెండోదాని అంచు మీదికి ఎత్తి, అడ్డంగా లాగితే నీళ్ళు కారిపోతాయి. తర్వాత తిరగేసి నీళ్ళలోకి జార్చి, రెండు పడవలనీ పక్కపక్కన పట్టుకుని మనుషుల్ని ఎక్కించండి. ఒడ్డు దగ్గర, మొలలోతులో ఇది వచ్చేదాకా నడుమకి పోవద్దు. తేలే తాడు 15 మీటర్లది సంచిలో పెట్టుకోండి.

బ్యారేజీ గేట్ల వైపు మాత్రం అసలు పోకండి. ఎగువన నీళ్ళు గేటు వైపు గుంజుతాయి, దిగువన సుడి మనిషిని వెనక్కే లాగుతుంది, జాకెట్ ఉన్నా బయటపడటం కష్టం. గేటు ఉన్నచోటే ఉంటుందనీ అనుకోకండి. మా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరులో 2022లో ఒక గేటు, 2023లో ఇంకోటి కొట్టుకుపోయాయి. మీకు వరద ఎగువనున్న సోమశిల డ్యాం నుంచి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరులో ఎండకాసినా నమ్మకండి, కడప జిల్లాలో పెన్నాలో కలిసే చెయ్యేరు పొంగితే ఆ నీళ్ళన్నీ మీ మీదికే. బయల్దేరే ముందు సోమశిల విడుదల ఎంతో జలవనరుల శాఖ వాళ్ళని అడగండి.

పెన్నాగట్టు:
మెత్తటి ఇసుక తేలిన చోట దిగి పడవ నెట్టొచ్చా?

గుండ్లకమ్మ (ఒంగోలు):
తెడ్డుతో పొడిచి చూడకుండా అడుగు పెట్టొద్దు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు, మోకాల్లోతు పక్కనే నిలువులోతు ఉంటుంది. జాకెట్ విప్పకుండా, పడవ అంచు వదలకుండా దిగండి.